నత్తనడకా? నియంత్రిత వేగమా? – కృష్ణా డెల్టా అద్దకంలో రసాయన చర్యల వేగం: చారిత్రక, భాషా పరిశీలన

1693లో డచ్చి భాషలో వెలువడిన కోరమాండల్ చరిత్రలో డేనియల్ హావర్ట్ పాలకొల్లు అద్దకపు చిత్రకారుల పనిని నత్తనడకతో పోల్చాడు. పాకుతున్నదే కాని ముందుకు పోతున్నట్టు కనిపించదని అతని అభిప్రాయం. ఓర్పు అనే గుణానికి రూపం కట్టదలచినవాడికి పాలకొల్లు చిత్రకారుణ్ణి మించిన నమూనా అక్కరలేదని కూడా అన్నాడు. గోలకొండ రాజ్యంలో కొన్నేళ్లు డచ్చి కంపెనీ కొలువు చేసినవాడి మాట ఇది. ఇందులో మెచ్చుకోలు ఎంత ఉందో విసుగూ అంతే ఉంది. ఓడ బయలుదేరే గాలులకు ఒక గడువు ఉంటుంది, సరుకు ఆ గడువులోగా రేవు చేరాలి. బట్ట మాత్రం తన గడువును తానే పెట్టుకుంటుంది.

కోరమాండల్ వస్త్రవ్యాపార చరిత్రలో ఈ ఆలస్యాన్ని సాధారణంగా చేతిపని స్వభావంగానో, బయానాల చిక్కుగానో, దళారుల వ్యవహారంగానో వివరిస్తూ వచ్చారు. అవన్నీ నిజమే. కుంచెతో గీత గీయడానికి పట్టే సమయమే హావర్ట్ కళ్ళకు ముందుగా కనిపించి ఉంటుంది. కాని ఒక బట్ట తెల్లగుడ్డగా చేతికి వచ్చిన నాటి నుంచి రంగుల గుడ్డగా మడత పడే నాటి వరకు గడిచిన రోజుల్లో ఎక్కువ భాగం మనిషి చేయి కదలని రోజులే: నానే రోజులు, ఊరే రోజులు, ఆరే రోజులు. ఆ రోజుల్లో పనిచేసినవి రసాయన చర్యలు. వాటిలో కొన్నిటిని తొందరపెట్టాలి, కొన్నిటిని నిదానింపజేయాలి, ఒకటి రెండింటిని సరిగ్గా సమయానికి ఆపాలి. అద్దకపు పనివారి నైపుణ్యంలో ప్రధానాంశం ఈ వేగనియంత్రణే అనీ, దాని ఆనవాళ్ళు వారి పనికి వాడే తెలుగు క్రియాపదాల్లో నిలిచి ఉన్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అయితే ఇది రసాయన శాస్త్రం మనకు ముందే తెలుసునన్న వాదన కాదు. వేగాన్ని అదుపు చేయడం తెలియడం ఒకటి, వేగానికి కారణం తెలియడం మరొకటి. ఈ రెంటినీ కలిపివేయడం వల్ల పనివారికి కొత్తగా వచ్చే గౌరవమేమీ లేదు.

ముందుగా పేరు సంగతి. కలంకారీ అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట. కలం అంటే లేఖిని, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలమే పనిముట్టు కనుక పేరు అక్కడ సార్థకం, అక్కడివారి 'వ్రాతపని' దానికి సరైన తెలుగు. మచిలీపట్నానికి పది కిలోమీటర్ల దూరంలోని పెడనలో పని చెక్క అచ్చులతో జరుగుతుంది, అక్కడ సహజమైన మాట అద్దకం. పేరు కలానిది, పని అచ్చుది. ఇరాన్ విపణికి శతాబ్దాల పాటు సరుకు పంపిన రేవుకు పారశీకపు పేరు అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. డచ్చివారు 1605–06లో, ఇంగ్లీషువారు 1611లో బందరులో అడుగుపెట్టారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేటల పేర్లు ఆ రాకపోకలకు ఇప్పటికీ సాక్ష్యం. మొగలు దర్బారు గుడారాల లోపలి వైపు మచిలీపట్నపు పూల అద్దకపు గుడ్డలతో కుట్టి ఉండేవని ఫ్రెంచి వైద్యుడు బెర్నియే రాశాడు. డెల్టా పడమటి అంచున ఉన్న నిజాంపట్నం, అంటే యూరోపియన్ల లెక్కల్లోని పెటపోలి, ఎర్రరంగు బట్టలకు పేరుపొందింది.

ఇనుము ఊరిన కుండ

అద్దకంలో నల్లని గీత ఇనుముతో వస్తుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి ఊరనిస్తారు. తయారైన ద్రావణాన్ని కళాకారులు కసిం అంటారు. దీనికి 10 నుంచి 20 రోజులు పడుతుందని సాధారణంగా చెబుతారు. గడువులో ఇంత తేడా ఎందుకన్నది పరిశీలించదగిన ప్రశ్న. కొలత తెలియని అనాగరికతగా దీన్ని భావించిన పాత రచనలు లేకపోలేదు. నిజానికి గడువు మారకపోతేనే కొలత తప్పినట్టు.

కుండలో జరిగేది ఒక చర్య కాదు, మూడు చర్యల వరుస. బెల్లంలోని చక్కెర మొదట పులిసి మద్యమవుతుంది. ఆ మద్యం గాలి తగిలినప్పుడు మరో రకం సూక్ష్మజీవుల వల్ల పులుపెక్కి వెనిగరులో ఉండే ఆమ్లంగా, అంటే ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం తుప్పునూ ఇనుమునూ కరిగించి ఇనుప ఎసిటేటును తయారుచేస్తుంది. వరుసగా జరిగే చర్యల్లో అన్నిటికంటే మందకొడిగా సాగేది ఏదో దాని వేగమే మొత్తం పని వేగాన్ని నిర్ణయిస్తుందని నేటి రసాయన గతికశాస్త్రం చెబుతుంది. కుండను అదుపు చేయడమంటే ఈ మూడింటిలో ఏది వెనుకబడితే దాన్ని సవరించడమే. పనివారి పద్ధతిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పట్టు ఉంది.

మొదటిది వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది పాఠ్యపుస్తకాల్లోని స్థూలసూత్రం. సంక్రాంతి నాటి కుండకూ రోహిణి కార్తె నాటి కుండకూ ఒకే గడువు సరిపోదన్నది దాని అనుభవ రూపం. అయినా ఈ కుండను పొయ్యి మీద పెట్టరు. పులియబెట్టే జీవులు వెచ్చదనాన్ని కోరుకుంటాయి, మరిగితే చస్తాయి. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుందన్న సూత్రానికి ఇక్కడ ఒక పైహద్దు ఉంది. రెండవది గాలి. కుండ మూతిని బిగించి మూసివేస్తే పని మద్యం దశలోనే నిలిచిపోతుంది. మూడవది ఇనుము రూపం. ఒకే బరువున్న ఇనుప కడ్డీ కంటే తుప్పు పట్టిన చిన్న ముక్కలు, మేకులు త్వరగా కరుగుతాయి. ద్రావణానికి తగిలే ఉపరితలం ఎంత ఎక్కువైతే చర్య అంత వేగంగా సాగుతుంది. తుప్పు పట్టిన పాత ఇనుమునే ఏరి తేవడానికి పొదుపు ఒక కారణం కావచ్చు, కాని అదొక్కటే కాదు.

ఈ ద్రావణం తెల్లగుడ్డ మీద నేరుగా పడితే నలుపు రాదు. గుడ్డను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసినప్పుడే నలుపు పుడుతుంది. గీత గీసిన మరుక్షణమే రంగు కనిపించడం మొదలవుతుంది, గాలిలో ఆరేకొద్దీ ముదురుతుంది. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. ఇక్కడ పాల పని చర్యను ప్రారంభించడమో వేగపరచడమో కాదు, దాని హద్దు గీయడం. ఇటువంటి సూక్ష్మ భేదాలను విడదీయకుండా వాడిన ప్రతి వస్తువునూ ఉత్ప్రేరకం అనడం ఇటీవలి జనప్రియ రచనల్లో తరచుగా కనిపించే పొరపాటు. ఈ పనిలో ఉత్ప్రేరకం అనదగినవి కుండలోని సూక్ష్మజీవుల ఎంజైములు మాత్రమే.

నలుపుకు సంబంధించి మరొకటి చెప్పాలి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల భద్రపరచిన పాత కోరమాండల్ బట్టల విషయంలో ఎరుపు, నీలం నిలిచి ఉండగా నల్లని గీత ఉన్న చోట నూలు శిథిలమై రాలిపోవడం వస్త్రసంరక్షకులకు బాగా తెలిసిన సమస్య. గుడ్డ మీద మిగిలిన ఇనుమూ ఆమ్లమూ నూలు దారాన్ని నెమ్మదిగా తినివేస్తూ వచ్చాయి. 15 రోజుల్లో పూర్తయిందనుకున్న చర్య మూడు వందల ఏళ్ళుగా సాగుతూనే ఉంది. పనివాడు తన చేతిలో ఉన్నంతవరకు అదుపు చేయగలిగిన వేగం ఇది, ఆ తరువాతిది అతని చేతిలో లేదు.

ఆరబెట్టిన రోజులు

ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణాన్ని అద్దుతారు. పటికకు రంగు లేదు కాబట్టి అద్దిన చోటు కనిపించడానికి అందులో తాత్కాలికంగా ఏదో ఒక రంగు కలుపుతారు. ఆ తరువాత గుడ్డను కొన్ని రోజులు అలాగే వదిలివేస్తారు. బయటివాడి కంటికి ఇది కేవలం కాలహరణం. కాని పటికలోని అల్యూమినియం నూలుకు అంత తేలికగా అంటదు. కరక్కాయ టానిన్‌తో ముడిపడి, నీటికి కరగని రూపానికి రావడానికి దానికి వ్యవధి కావాలి. ఆలోగా కడిగితే పటిక నీళ్ళలో పోతుంది, ఎరుపు వెలవెలబోతుంది. విక్టోరియా కాలపు లాంకషైర్ అచ్చు మిల్లులు ఈ వ్యవధిని తగ్గించడానికే వెచ్చని తేమగాలి నింపిన గదులు కట్టుకున్నాయి. కృష్ణా డెల్టా సముద్రతీరంలో ఆ గది వేరుగా కట్టనక్కరలేదు, గాలే ఆ పని చేస్తుంది. అయితే గదికి ఉన్న నిలకడ గాలికి ఉండదు. వానలు పట్టిన వారంలో గుడ్డ ఆరదు. ఆరక మగ్గిన గుడ్డ మచ్చ పడుతుంది.

కాలువ, కాగు, ఎండ

ఆరిన గుడ్డను పారే నీటిలో ఉతుకుతారు. నిలవ నీరు పనికిరాదన్నది ఈ పనిలో కచ్చితమైన నియమం. అంటుకోని పటిక, ఇనుము నీటిలోకి దిగినప్పుడు ఆ నీరు నిలిచి ఉంటే వాటి గాఢత పెరిగి, అవి తిరిగి గుడ్డలోని తెల్లటి చోట్లకు అంటుకుంటాయి. పారే నీటిలో గాఢత పెరగదు కాబట్టి విడిపోవడం ఒకే దిశగా, ఆగకుండా సాగుతుంది. 1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిన తరువాత బందరు కాలువ, దాని శాఖలు ఈ ప్రాంతానికి ఏడాదిలో ఎక్కువ నెలలు పారే మంచినీటిని తెచ్చాయి. ఆనకట్ట చరిత్రను వరిపంటతో ముడిపెట్టి చదవడం మనకు అలవాటు. ఆ కాలువ నీటిలో అద్దకపు గుడ్డ కూడా ఉంది.

తరువాతిది కాగు. చిరివేరు పొడి వేసిన నీటిలో గుడ్డను ఉడికిస్తారు. చిరివేరు తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. యూరోపియన్ వర్తకుల లెక్కల్లో కనిపించే 'ఛాయ్' ఇదే, చాయవేరు అన్న తమిళపు పేరు నుంచి వచ్చింది. దీనిలోని ఎర్రని పదార్థం అలిజరిన్. అది వేరు పైతోలులో ఉంటుంది. వేరును దంచి పొడి చేయడం వెనుక ఉన్న సూత్రం, ఇనుము ముక్కల వెనుక ఉన్నదే. గుడ్డను మరిగే నీటిలో ఒక్కసారిగా వేయరు, వెచ్చని నీటితో మొదలుపెట్టి మంటను క్రమంగా పెంచుతారు. ముందే మరిగిపోతే గుడ్డ మడతల పైభాగం రంగంతా లాగివేసుకుంటుంది, లోపలి భాగం పాలిపోతుంది. వేడి ఎక్కువైతే చర్య వేగం పెరుగుతుంది, ఆ వేగమే రంగు సమానంగా పట్టకుండా చేస్తుంది. మొత్తం పనిలో వేగాన్ని పెంచగల సాధనం చేతిలో ఉండీ కావాలని వాడకుండా నిలిపి ఉంచే ఘట్టం ఇది.

కాగు రాగిది కావడం కూడా ఆలోచించి చేసిన ఎంపికే. ఇనుప పాత్రలో ఉడికిస్తే ఇనుము రంగుతో కలిసి ఎరుపును కమిలిన ఊదాగా మార్చివేస్తుంది. ఒకే కాగులో పటిక ఉన్న చోట ఎరుపు, ఇనుము ఉన్న చోట నలుపు, రెండూ కలిసిన చోట ఊదా, ఏదీ లేని చోట పోగొట్టదగిన లేతమరక ఏర్పడతాయి. ఒకే తొట్టిలో ముంచిన గుడ్డ పలు రంగులతో పైకి రావడాన్ని ఈజిప్టులో గురించి ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దిలోనే ఆశ్చర్యంతో ప్రస్తావించాడు. ఆశ్చర్యపడడం చూసేవాడి వంతు, మంట చూసుకోవడం చేసేవాడి వంతు.

చిరివేరు నాణ్యతకు గవ్వపొడి కలిసిన నేల కారణమని, అందులోని సున్నం ఎరుపుకు కాంతి తెస్తుందని చరిత్రకారులు గుర్తించారు. అలిజరిన్, అల్యూమినియం, కాల్షియం మూడూ కలిసినప్పుడే నిండైన ఎరుపు ఏర్పడుతుందన్నది రసాయనపరంగా నిర్ధారితమైన విషయం. అయితే ఇది చర్య వేగానికి సంబంధించినది కాదు, చర్యలో ఏర్పడే పదార్థానికి సంబంధించినది. క్రియాజనకాల స్వభావం కూడా వేగాన్ని ప్రభావితం చేసే అంశాల్లో ఒకటి కనుక ఈ రెంటికీ మధ్య గీత కొంత పలచనిదే అయినా, దాన్ని చెరిపివేయకూడదు.

చివరిది ఎండ. ఉడికిన గుడ్డను పేడనీటిలో నానబెట్టి, ఇసుక మీదనో గడ్డి మీదనో పరచి, మాటిమాటికీ నీళ్ళు చల్లుతూ ఎండనిస్తారు. పటిక లేని చోట పట్టిన మరకను కాంతి, తడి, గాలి కలిసి విరగగొడతాయి. పటికతో ముడిపడిన ఎరుపు చెక్కుచెదరదు. రెండు చర్యలూ ఒకే ఎండలో జరుగుతున్నా వాటి వేగాల్లో ఉన్న భారీ తేడాయే గుడ్డ మీద తెలుపునూ ఎరుపునూ వేరుచేస్తున్నది. నీళ్ళు చల్లడం ఆపితే తెలుపు ఆలస్యమవుతుంది. ఎండ ఎక్కువైన కొద్దీ మంచిదన్నది ఈ ఒక్క దశకే పూర్తిగా వర్తిస్తుంది.

నీలం సంగతి వేరు. నీలిమందు నీటిలో కరగదు. సున్నం, తగిరిస గింజలు వేసి పులియబెట్టిన తొట్టిలో అది రంగు పోగొట్టుకుని కరిగే రూపానికి వస్తుంది, ఇది రోజులు పట్టే పని. అందులో ముంచిన గుడ్డ పైకి తీసిన తరువాత గాలి తగిలి చూస్తుండగానే నీలమవుతుంది. రోజులు పట్టిన చర్య నిమిషాల్లో వెనక్కి తిరుగుతుంది.

చూసి రాసినవారు

ఈ పనిని రాతలో నమోదు చేసినవారిలో ఎక్కువమంది విదేశీయులు. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వోల్డ్ గోలకొండ రాజ్య వర్ణన 1626లో అచ్చయింది. ఆ తరువాత శతాబ్దంలో ఫ్రెంచివారి ఆసక్తి పూర్తిగా సాంకేతికమైనది. 1730లలో ఆంత్వాన్ ద బోల్యో అనే నౌకాధికారి పుదుచ్చేరిలో ప్రతి దశలోనూ గుడ్డ నుంచి ఒక ముక్క కత్తిరించి తన రాతప్రతిలో అతికించాడు. 1742లో జెస్యూట్ గురువు కేర్దూ తన లేఖలో మొత్తం పద్ధతిని వివరించాడు. ఆ పని తెలిసిన క్రైస్తవులను అడిగి రాసుకున్నాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాల నిఘంటువు కూర్చినవాడిగా, సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న బంధుత్వాన్ని 1760లలోనే గమనించినవాడిగా తెలుగు పరిశోధకులకు ఈయన సుపరిచితుడు. అద్దకపు లేఖను ఆ భాషాకృషికి పక్కన పెట్టి చదవడం మాత్రం అరుదు. ఒకే మనిషి పదాలనూ పనులనూ ఒకే పద్ధతిలో, అడిగి, సరిపోల్చుకుని, సేకరించాడు. తెలుగు ప్రాంతంలో రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి చేసిన పరిశోధన, 1795 నుంచి వెలువడిన అతని కోరమాండల్ మొక్కల గ్రంథం మొక్కలకు తెలుగు పేర్లను కూడా ఇచ్చాయి. పుదుచ్చేరి సాక్ష్యాన్ని బందరుకు యథాతథంగా వర్తింపజేయకూడదన్న జాగ్రత్త అవసరమే కాని, దశల వరుస రెండు చోట్లా ప్రధానంగా ఒక్కటే.

ఈ రచనలన్నిటిలోనూ ఒక లక్షణం సమానం. ఎంత పటిక, ఎన్నిసార్లు ముంచాలి, ఎన్ని రోజులు ఉంచాలి అన్న పరిమాణాలు అందులో ఉంటాయి. కేర్దూ నీటి రుచిని బట్టి బావులను ఎంచుకునే పద్ధతిని కూడా గుర్తించాడు. కాని చలికాలంలో ఎన్ని రోజులు, వేసవిలో ఎన్ని రోజులు, చాలునని ఎలా తెలుసుకోవాలి అన్న భాగం పలుచన. వంటకాన్ని రాసుకున్నవారికి దినుసులు దొరికాయి, పాకం దొరకలేదు. కోరమాండల్ ఎండకూ గాలికీ అలవాటైన గడువులు ఫ్రాన్సులోనో స్విట్జర్లాండులోనో సరిపోవు కాబట్టి అక్కడి అచ్చువారు వాటిని కొత్తగా కనుక్కోవలసి వచ్చింది.

1869 తరువాత

యూరప్‌లో అద్దకాన్ని మార్చినది మొదట తెలుపే. 1785 తరువాత బెర్తొలే క్లోరిన్‌తో బట్టను తెల్లబరచే పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. 1799లో టెనెంట్ బ్లీచింగ్ పౌడరు తయారీకి పేటెంటు పొందాడు. గడ్డి మీద నెలల తరబడి ఎండలో జరిగే పని రోజుల్లోకి వచ్చింది. ఆ తరువాతే వేగాన్ని కొలిచే శాస్త్రం పుట్టింది. 1850లో విల్హెల్మీ ఆమ్లం కలిసిన చక్కెర ద్రావణం మారే వేగాన్ని మొదటిసారిగా గణితంలో చెప్పాడు. బెల్లపు కుండ దగ్గర బతికిన బందరు వాళ్ళకు ఈ ఎంపిక వింతగా తోచేది కాదు. 1864లో గుల్డ్‌బెర్గ్, వోగెలు గాఢత ప్రభావాన్ని సూత్రీకరించారు. అదే ఏడు నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచి సుమారు 30 వేల ప్రాణాలు తీసింది. 1889లో అర్హీనియస్ ఉష్ణోగ్రతకూ వేగానికీ ఉన్న సంబంధాన్ని సమీకరణంగా ఇచ్చాడు.

ఎరుపు విషయంలో నిర్ణయాత్మకమైనది 1869. రోబికె, కోలన్ 1826లో మంజిష్ఠ జాతి వేరు నుంచి వేరుచేసిన అలిజరిన్‌ను 1868లో గ్రేబె, లీబర్మన్ ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి జూన్‌లో వారి పేటెంటు, లండన్‌లో పెర్కిన్ పేటెంటు ఒక రోజు తేడాతో దాఖలయ్యాయి. కొన్నేళ్ళలోనే ఫ్రాన్సులో మంజిష్ఠ సాగు దాదాపు అంతరించింది. కృష్ణా తీరంలో చిరివేరు తవ్వకం కూడా నిలవలేకపోయింది.

చిరివేరు స్థానంలో అలిజరిన్ వచ్చినప్పుడు పనిలో సరిగ్గా ఏం మారిందన్నది ఇక్కడ ముఖ్యం. వేరును దంచి, దానిలోని రంగు నీటిలోకి దిగేదాకా వేచి ఉండే భాగం పోయింది. కాగులో రంగు గాఢత ఇష్టప్రకారం పెంచుకునే వీలు కలిగింది. మిగిలిన కరక్కాయ, పటిక, ఆరబెట్టే రోజులు, కాలువ, క్రమంగా పెంచే మంట, ఎండ అన్నీ యథాతథంగా ఉండిపోయాయి. అలిజరిన్ అద్దకంలోకి పెద్ద వివాదం లేకుండా ప్రవేశించి పెడనలో కొనసాగడానికి కారణం ఇదే కావాలి. అణువు అదే, అది నడిచే తోవ కూడా అదే. నిజమైన విచ్ఛేదం అలిజరిన్‌తో రాలేదు, స్క్రీన్ ప్రింటింగుతో, దానికి తగిన రసాయన రంగులతో వచ్చింది. అక్కడ పటిక దశ అవసరం లేదు, ఆరే రోజులు లేవు. పెడన వీధుల్లో ఈ రెండు రకాల గుడ్డలూ పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి, ఒకే కలంకారీ పేరుతో. భౌగోళిక సూచిక గుర్తింపు ఉన్నా కొనేవారి కంటికి తేడా తెలియదు. 1917లో హాడవే మద్రాసు రాజధాని అద్దకపు పనులపై గ్రంథం వెలువరించే నాటికే యంత్రపు గుడ్డ పోటీ ప్రధాన సమస్య. ఇప్పుడు పోటీ ఊరి లోపలే ఉంది.

మాటల్లో వేగం

పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను తెలుగులో చెప్పే ప్రయత్నాన్ని వ్యవస్థీకృతం చేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పరిభాషను స్థిరపరచింది. చర్యావేగం, గాఢత, ఉష్ణోగ్రత, ఉపరితల వైశాల్యం, ఉత్ప్రేరకం, ఉత్తేజన శక్తి అన్న మాటలు ఈ కృషి ఫలితాలు. వీటన్నిటి నిర్మాణం నామవాచకం. ప్రతి నామమూ ఒక అంశాన్ని మిగిలినవాటి నుంచి విడదీసి, కొలవడానికి వీలుగా నిలబెడుతుంది.

పని మాటలు ఇందుకు భిన్నం. నానబెట్టు, ఊరబెట్టు, పులియబెట్టు, మాగవేయు, కాచు, మరిగించు, ఆరబెట్టు, ఎండబెట్టు. ప్రతి క్రియలోనూ వేడి, తడి, వ్యవధి విడదీయరానట్టుగా కలిసి ఉన్నాయి. నానబెట్టడానికీ ఊరబెట్టడానికీ తేడా నీటిలో లేదు, సమయంలోనూ ఆ సమయంలో జరిగే మార్పులోనూ ఉంది. ఆరబెట్టడంలో నీడ చాలు, ఎండబెట్టడంలో ఎండ కావాలి. వీటిలో చాలావరకు 'పెట్టు' అనే ప్రేరణార్థక అంశం ఉండడం గమనార్హం. చర్య దానంతటది జరుగుతుంది, మనిషి దానికి వీలు కల్పించి విడిచిపెడతాడు. ఫలితాన్ని చెప్పేటప్పుడు కర్త మనిషి కాడు, రంగే. రంగు పట్టింది, ఎక్కింది, దిగింది, విరిగింది. పట్టడం గట్టిదనాన్ని, ఎక్కడం క్రమాన్ని, విరగడం వియోగాన్ని సూచిస్తాయి.

ఏది మెరుగన్న ప్రశ్న ఇక్కడ నిష్ప్రయోజనం, కాని ఏది ఏం చేయలేదో చెప్పవచ్చు. క్రియలు అంశాలను విడదీయలేవు. అందుకే, వేడిని స్థిరంగా ఉంచి గాఢతను మాత్రమే మార్చి చూసే ప్రయోగానికి అవి దారితీయలేదు. నామాలు ఎంత చాలునో చెప్పలేవు. కుండ ఎప్పుడు ఆపాలో ఉత్తేజన శక్తి అన్న మాటలో లేదు, ఊరింది అన్న మాటలో ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనూ చేనేత సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. అవి ఎక్కువగా పనిముట్ల పేర్లకు, అంటే నామాలకు, ప్రాధాన్యమిచ్చాయి. అద్దకానికి అటువంటి సేకరణ జరిపేటప్పుడు క్రియలకు ముందు చోటు ఇవ్వవలసి ఉంటుంది.

అలంకారశాస్త్రం ఈ విషయంలో అనుకోని సాక్ష్యం. పూర్వరాగాన్ని నీలీరాగం, కుసుంభరాగం, మంజిష్ఠారాగం అని మూడు విధాలుగా విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విభజించాడు. నీలి పైకి అంతగా మెరవదు, కాని పోదు. కుసుంభ బాగా మెరుస్తుంది, పోతుంది. మంజిష్ఠ మెరుస్తుంది, పోదు. రాగం అన్న మాటకు రంగు, అనురాగం రెండూ అర్థాలు కావడం మీద నడిచిన శ్లేషగానే దీన్ని తెలుగు విమర్శ చూసింది. వర్గీకరణ మాత్రం అద్దకపు శాల నుంచి వచ్చినది. కుసుమ పువ్వు రంగు పటిక అవసరం లేకుండా నేరుగా గుడ్డకు ఎక్కుతుంది, అంతే తొందరగా దిగుతుంది. మంజిష్ఠ పటికతో ముడిపడుతుంది, ఆ ముడి పడడానికి రోజులు కావాలి. నీలి మరో దారిలో గుడ్డ లోపల కరగని పదార్థంగా చిక్కుపడి నిలుస్తుంది. ఆలంకారికుడు చూసినది నిలకడను, అద్దకపు మనిషి చూసినది నిలకడకు ముందున్న వ్యవధిని.

తెలుగులో తొగరు అన్న మాట ఎరుపుకూ ఎర్రరంగునిచ్చే చెట్టుకూ పేరు. చిరివేరుకు అటువంటి అదృష్టం పట్టలేదు. వేరు వాడుకలోంచి పోయిన తరువాత మాట నిఘంటువుల్లో మిగిలింది.

పెడనలో వేసవి ఇప్పటికీ పనికి అనుకూలమూ ప్రతికూలమూ. ఇనుప కుండ త్వరగా ఊరుతుంది, ఎండ మరకను తొందరగా విరగగొడుతుంది. కాని మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసేది ఆ నెలల్లోనే. సముద్రం దగ్గరి నేల కావడంతో బావి నీటిలోనూ బోరు నీటిలోనూ ఉప్పు ఎక్కువ. కార్తీకానికి కాలువలు నిండుగా ఉంటాయి, అప్పుడు తుపాను మబ్బు ఎండను కమ్మేస్తుంది. వేడి, వెలుతురు, పారే మంచినీరు మూడూ ఒకేసారి సమకూరే వారాలు ఏడాదిలో ఎన్నో లేవు.